‘కణము కణము నడుమ...’ తర్వాతిది సంధా, సందా?

సుభద్ర: ఒక పద్యపాదం సగమే గుర్తుంది, రెండు రోజులుగా వదలడం లేదు. ‘కణము కణము నడుమ సం_ బిగియఁగాను’. ఆ ఖాళీలో ఉన్నది ‘ధి’నా, ‘దు’నా? విషయం మాత్రం టైట్ జంక్షన్లదే, అంటే పక్కపక్క కణాల నడుమ ఖాళీని మూసే అతుకులది. కింది పాదంలో క్లాడిన్ పేరు వస్తుంది. ఆ అతుకును కట్టే ప్రొటీన్ అది, దానికి పేరు పెట్టింది 1998లో కాబట్టి పద్యం అంతకన్నా పాతది కాదు. ఎవరికైనా పూర్తి పాఠం తెలుసా?

వాసుదేవరావు: సుభద్ర గారూ, ఛందస్సు చూస్తే ఆ రెండూ నిలవవు. కణము, కణము, నడుమ: మూడు నగణాలు. ‘సంధిబి’ భగణం, ‘గియఁగాను’ సలం. చక్కటి ఆటవెలది బేసిపాదం. కానీ యతి? నాలుగో గణం మొదట ‘సం’ వస్తే ‘క’తో చెల్లదు. ప్రాసయతి కూడా కుదరదు. అక్కడ ఉండాల్సింది ‘కట్టు’. ‘కణము కణము నడుమఁ గట్టు బిగియఁగాను’ అని చదవండి. క-గలకు యతిమైత్రి ఉంది. ధ-ద తగవుతో పనే లేదు.

నిర్మల: పద్యానికి కుదిరింది, కణానికి కుదరలేదు వాసుదేవరావు గారూ. కట్టు అనదగినది టైట్ జంక్షన్ కింద ఉన్న అడ్హీరెన్స్ జంక్షన్. 1963లో ఫార్కర్, పలాడె ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి వరస తేల్చారు: అన్నిటికన్నా పైన జోన్యులా ఆక్లూడెన్స్ (అదే టైట్ జంక్షన్), దాని కింద జోన్యులా అడ్హీరెన్స్, ఆ కింద డెస్మోసోములు. కణాలను పట్టి ఉంచే బలం కింది రెంటిదీ. పైదాని పని పట్టి ఉంచడం కాదు, కణాల పక్కనుంచి ఏది పోవాలో ఏది పోకూడదో తేల్చడం. క్లాడిన్ పేరు కింది పాదంలో ఉందంటున్నారు కదా, అప్పుడు ‘కట్టు’ అనడం కవికి తెలియనితనం అవుతుంది.

కమల: అసలు ఆటవెలది అని ఎందుకు అనుకోవాలి? అదే పాదాన్ని తేటగీతిగా విరవండి: కణము / కణమున / డుమసంధి / బిగియ / గాను. న, నల, సల, న, గల. నిక్షేపంగా నడుస్తుంది. అప్పుడు యతిస్థానం ‘బి’ మీద పడుతుంది. అంటే చెడింది ‘సం’ కాదు, ‘బిగియ’. ‘సంధి గట్టిగాను’ అంటే యతితో సహా సరిపోతుంది. టైట్‌కు ‘గట్టి’ కన్నా దగ్గరి మాట ఏముంది?

వాసుదేవరావు: బాగుంది కమల గారూ, ఒప్పుకోవలసిన విరుపే. అయినా సంధి, సందు రెండూ గలాలే. మీ తేటగీతి కూడా ఆ అక్షరాన్ని తేల్చదు.

శ్రీనివాస్: అర్థం తేలుస్తుంది. ‘సందు’ అనే నా మాట. క్లాడిన్లు క్షీరదాలలో ఇరవైకి పైగా ఉన్నాయి, అన్నీ మూసేవి కావు. క్లాడిన్-2 సందు పెడుతుంది. దాని మొదటి బయటి మడతలో 65వ స్థానంలో ఉన్న ఆస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం రుణావేశంతో సోడియం, పొటాషియం లాంటి ధన అయాన్లను పోనిస్తుంది. ఆ రంధ్రం వ్యాసం సుమారు 6.5 ఆంగ్‌స్ట్రామ్‌లు. క్లాడిన్-16 లోపిస్తే మూత్రపిండం మెగ్నీషియాన్ని వెనక్కి తీసుకోలేదు, మూత్రంలో కాల్షియం పెరుగుతుంది, మూత్రపిండంలో సున్నం పేరుకుంటుంది. అక్కడ జబ్బుకు కారణం సందు పెద్దదవడం కాదు, ఉండాల్సిన సందు లేకపోవడం.

నిర్మల: మరి క్లాడిన్-1 మాటో? అది లేని ఎలుకపిల్లలు పుట్టిన రోజే చర్మంలోంచి నీరు పోయి చనిపోతాయి. క్లాడిన్-5 లేకపోతే మెదడు రక్తనాళాల గోడలోంచి సుమారు 800 డాల్టన్ల లోపు అణువులు దూరిపోతాయి, పెద్దవి ఆగుతాయి. ఒకే కుటుంబంలో సందు పెట్టేవీ ఉన్నాయి, సందు మూసేవీ ఉన్నాయి.

వాసుదేవరావు: భాషలోనూ అంతే. సంధికి వికృతి సంది. సందు ఆ కుదురులోదే అని నా నమ్మకం. ‘సందిట పట్టుకోవడం’లో దగ్గరితనం ఉంది, ‘సందులోంచి జారుకోవడం’లో ఎడం ఉంది. 

కమల: వ్యాకరణంలోకి వచ్చారు కాబట్టి అడుగుతున్నా. ఇది సంధి ఎలా అవుతుంది? ‘ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు’ అన్న చిన్నయసూరి సూత్రంలో ముందున్న ఉత్తు పోతుంది. కణాల దగ్గర ఏదీ పోదు. రెండు పొరలూ నిలిచే ఉంటాయి, బయటి పొరలు చుక్కలు చుక్కలుగా తాకుతాయంతే. కాబట్టి సరైన పోలిక యడాగమం. ‘సంధిలేనిచోట స్వరంబుకంటెఁ బరంబయిన స్వరంబునకు యడాగమంబగు’. మా, అమ్మ రెండూ చెక్కుచెదరవు, నడుమ ‘య’ వచ్చి ఖాళీ మూస్తుంది. క్లాడిన్ ఆ యకారం.

నిర్మల: అందంగా ఉంది కానీ కమల గారూ, యకారం ఎవరిదీ కాదు, బయటినుంచి వచ్చింది. క్లాడిన్ అలా రాదు. 20-27 కిలోడాల్టన్ల చిన్న ప్రొటీన్, తన కణం పొరను నాలుగుసార్లు దాటి ఉంటుంది. బయటికి రెండు మడతలు, రెండు కొసలూ లోపలే. ముందు అదే పొరలో పక్కదానితో వరస కడుతుంది, ఆ వరస ఎదుటి కణం వరసతో తలకు తల కలుస్తుంది. ఇద్దరూ చెయ్యి చాచాలి. క్లాడిన్ ఒక్కటే చాలునని ఎలా తెలిసిందంటే, టైట్ జంక్షన్లే లేని ఫైబ్రోబ్లాస్టులనే కణాలలో దాన్ని పెడితే ఆ వరసలు తీగలుగా ఏర్పడ్డాయి. 1993లోనే దొరికిన మరో టైట్ జంక్షన్ ప్రొటీన్ ఆక్లూడిన్‌ను పెడితే పొట్టి తీగలు కొద్దిగా వచ్చాయి. పైగా ఆక్లూడిన్ తీసేసినా కణాలు తీగలు కట్టుకుంటాయి.

శ్రీనివాస్: అయితే యడాగమం కాదు, ద్రుతం. ‘అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దాపల’. ఆ ‘నా’లో నకారం ఎక్కడిది? ‘లోన్’ది. ముందు మాటలోనే దాగి ఉంది, అచ్చు ఎదురవగానే పైకొచ్చింది. పోతన చేతిలో ద్రుతం ఎప్పుడూ అతికించినట్టుండదు, ఊపిరితో పాటు వస్తుంది. ఆ పద్యం ‘నగరిలో’ దగ్గర ఆపి చదివేవాళ్లకు ఆ నకారం ‘నాది’ అన్నట్టు వినబడి అర్థమే మారిపోతుంది.

వాసుదేవరావు: ‘నా మూల’ అని విడదీసి అచ్చువేసిన ప్రతుల వల్లే ఆ తిప్పలు. కలిపి వేస్తే ఎవరూ పొరపడరు.

రఘు: పద్యం సంగతి మీరు చూడండి. ‘బిగియఁగాను’ మీద ఒక మాట. ఒకసారి బిగిసి ఊరుకునేది కాదిది. MDCK కణాలను... క్షమించండి, తెలుగులోనే రాస్తాను: ఎండీసీకే అనే కుక్క మూత్రపిండ కణాలను రంధ్రాల వడపోత పొర మీద నిండా పెరగనిచ్చి, కాల్షియం 5 మైక్రోమోలార్ దగ్గరికి తగ్గించిన ద్రవంలో రాత్రంతా ఉంచండి. కణాలు గుండ్రబడి విడివడతాయి. తిరిగి 1.8 మిల్లీమోలార్‌కు తెస్తే కొన్ని గంటల్లో కణాల పొర విద్యుత్ నిరోధం పైకి లేస్తుంది. కాల్షియం కావలసింది క్లాడిన్‌కు కాదు, కింది అడ్హీరెన్స్ జంక్షన్‌లోని ఈ-క్యాధెరిన్ అనే ప్రొటీన్‌కు. అది పట్టు బిగించాకే పైనున్నది కుదురుకుంటుంది. కాబట్టి వాసుదేవరావు గారి ‘కట్టు’ చోటు తప్పినా వరస తప్పలేదు.

చెడేది ఎక్కడంటే, కణాల ద్రవంలో కలిపే మామూలు సీరంలో కాల్షియం ఉంటుంది. దాన్ని డయాలిసిస్ చేయకుండా వాడితే కణాలు విడివడనే విడివడవు. కాల్షియాన్ని పట్టేసే ఈజీటీఏ అనే రసాయనంతో తొందరగా తీసేద్దామని ఎక్కువసేపు ఉంచితే వడపోత నుంచే ఊడిపోతాయి. కొలతలో ఇంకో తప్పు: కణాలు లేని వడపోత నిరోధాన్ని తీసివేసి, మిగిలినదాన్ని వైశాల్యంతో గుణించాలి, భాగించకూడదు. 250 ఓములు చదివి, ఖాళీది 130 అయితే, 1.12 చదరపు సెంటీమీటర్ల వడపోతకు 134 ఓమ్-చ.సెం.మీ. ఇంక్యుబేటర్‌లోంచి తీసిన పళ్లెం చల్లారేకొద్దీ అంకె పెరుగుతుంది, అది బిగువు కాదు.

నిర్మల: నిరోధం తగ్గగానే గోడ విరిగిందనుకోవడమూ తప్పే. క్లాడిన్-2 పెరిగితే అయాన్లు పోయి నిరోధం పడిపోతుంది, 4 కిలోడాల్టన్ల డెక్స్‌ట్రాన్ అనే పెద్ద అణువు మాత్రం ఆగుతుంది. రెండూ కొలవాలి.

కమల: ఇంతకీ క్లాడిన్‌ను ఆ ఒక్క వరసలోనే నిలిపేదెవరు? ద్రుతమైతే తనంతట తనే రావాలి కదా.

రఘు: లోపలినుంచి జెడ్ఓ-1, జెడ్ఓ-2 అనే ప్రొటీన్లు. క్లాడిన్ చివరి అమైనో ఆమ్లాలు జెడ్ఓ-1లోని పీడీజెడ్ అనే భాగాలలో మొదటిదాంట్లో ఇముడుతాయి. జెడ్ఓ-1 మరో కొస కణం లోపలి యాక్టిన్ తీగలను పట్టుకుంటుంది. ఆ రెండు జెడ్ఓలూ లేకపోతే క్లాడిన్ తయారవుతుంది కానీ తీగ కట్టదు. అందుకే మెరిసే ప్రొటీన్‌ను క్లాడిన్ తోకకు తగిలిస్తే ఆ పట్టు మూసుకుపోతుంది, తలవైపు తగిలించాలి. కట్టాక కూడా కదలిక ఆగదు. ఒక చుక్కను లేజర్‌తో వెలవెలబరిస్తే జెడ్ఓ-1, ఆక్లూడిన్ నిమిషాల్లో తిరిగి వచ్చి నింపుతాయి, క్లాడిన్-1 చాలావరకు ఉన్నచోటే ఉంటుంది.

సుభద్ర: అయితే ‘బిగిసెను’ అని కాక ‘బిగియఁగాను’ అనడమే సరి, పని ఇంకా జరుగుతోంది. నాకు ఆ క్రియ మీద అనుమానం లేదు. కమల గారి ‘గట్టిగాను’ ఒప్పుకోలేను.

శ్రీనివాస్: మూడు కణాలు కలిసే మూలను ఏమందాం? త్రికసంధి అంటే పోలేదా?

వాసుదేవరావు: పోతుంది. ఆ పేరు ఆ, ఈ, ఏలది. ‘అక్కాలము’ అని ద్విత్వం వచ్చేచోట ఇంకో అర్థం తెస్తే పిల్లలు పరీక్షల్లో తికమకపడతారు. ‘ముమ్మూల’ అనండి.

నిర్మల: ముమ్మూల బాగుంది. అక్కడ క్లాడిన్ తీగలు చాలవు. ముందు యాంగ్యులిన్ అనే ప్రొటీన్ చేరి, 2005లో దొరికిన ట్రైసెల్యులిన్ అనే ఇంకో ప్రొటీన్‌ను రప్పిస్తుంది. ట్రైసెల్యులిన్ జన్యువు చెడితే వచ్చేది వినికిడి లోపం.