పుట్టెడు దుఃఖం: కొలతనా, క్రియనా?

ఓరుగల్లు చదువరి: దశదినకర్మ కార్డు మీద "పుట్టెడు దుఃఖంలో" అని ఉండాల్నా, "పుట్టెడి దుఃఖంలో" అని ఉండాల్నా? 'ఎడి' ఉన్న పోతన పాదమొకటి నాలిక మీద ఆడుతున్నది. మూర్ఛ వచ్చె... శ్రమంబయ్యెడిన్. నడుమ ముక్క అందుతలేదు.

గుమ్మి: గిండ్ల అనుమానమేంది? పుట్టి వడ్ల కొలత. 2 తవ్వలు మానిక, 4 మానికలు కుంచం, 4 కుంచాలు తూము, 20 తూములు పుట్టి. మొత్తం 320 మానికలు. నెత్తిన పెట్టుకొని పోయే బరువు కాదు, బండి కట్టాలె. అందుకే దుఃఖానికి ఆ మాట.

అరసున్న: అంత తొందరెందుకు? పుట్టు ధాతువుకు 'ఎడు' చేరినా పుట్టెడే అయితది. ఊట బావి లెక్క పుడుతనే ఉండే దుఃఖం. ధాతుజ విశేషణానికి ఎడు, ఎడి రెండూ చెల్లుతయి. కొలిచి పోసింది ఎన్నడన్న ఒకనాడు ఒడుస్తది. ఇది ఒడుస్తదా?

కాజీపేట జంక్షన్: మరి గంపెడాశ, బండెడు చాకిరి, కడివెడు కన్నీళ్లు? గంప అనే ధాతువు ఏడున్నది సార్? 'ఏసి' పెట్టి చూడుండ్రి. "ఇంటికి పుట్టెడేసి వడ్లు" అంటం. "వచ్చెడేసి" అనం.

అరసున్న: మీ పరీక్ష వడ్లకు నెగ్గింది. "పుట్టెడేసి దుఃఖం" అని ఎవరన్న అన్నరా?

గోదారి గట్టు: గుమ్మి, కాజీపేట ఇద్దరూ పుట్టి అంటే వడ్లే అనుకుంటున్నరు. "పుట్టి మునిగింది"ల పుట్టి గుండ్రటి తెప్ప. తెప్ప నిండ దుఃఖం అనరాదా? బుట్టకు బుట్టెడు అయినట్టు.

గుమ్మి: తెప్పల మనుషులు కూసుంటరు, తెప్పతోని ఎవరూ కొలువరు. అసలు "పుట్టెడు దుఃఖం" శానసార్లు ఒంటిగ రాదు గద. "కడుపుల పుట్టెడు దుఃఖం పెట్టుకొని నవ్వుతున్నది" అంటరు. పెట్టుకొనుడు అంటే దాచుడు. కడుపే గుమ్మి, అంటే వడ్లు దాచే గాదె. వెదురు తడికె అల్లి, పేడతో అలికి, వడ్లు ఆరబోసినంకనే పోస్తరు. పచ్చివి పోస్తే లోపల వేడి పుట్టి ముక్కిపోతయి. చావింట్ల ఏడుపును ఎవ్వరూ ఆపకపోవుడు గందుకే. ముందు ఆరాలె. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తది" అన్న సామెత కూడా తడికె పగిలిన గుమ్మిని చూసి పుట్టిందే.

కాజీపేట జంక్షన్: సామెతను గుమ్మిల పోసుడు మాత్రం మీ సొంత కవిత్వమే అన్నా. కొలత లెక్కతోని ఏడుపు చెప్పాలంటే "ఆరున్నొక్క రాగం" ఉండనే ఉన్నది. ఆరూ ఒకటీ ఏడు. కొలిచేటప్పుడు ఒకటికి బదులు "లాభం" అన్నట్టే, కొందరు "ఏడు" అనే మాట కూడా నోట రానీయరు.

బమ్మెర బాట: చదువరి గారూ, మీ పాదం ఇది: "ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్". కానీ ఇక్కడి 'అయ్యెడిన్' సమాపక క్రియ, మీ పుట్టెడికి సాక్ష్యం కాదు. సాక్ష్యం కావాలంటే అదే గజేంద్రమోక్షం ఘట్టంల "కలడు కలండనెడివాడు కలడో లేడో" పట్టుకోండ్రి. ఇంకొకటి, "తావుల్" అని చదువొద్దు. శార్దూలం కాబట్టి యతి 13వ అక్షరం మీద, అది డస్సెన్‌ల డ. ఠా అయితేనే దానితో కుదురుతది, తా కుదరదు.

అరసున్న: ఆ పాదంల కాలం చూసిండ్రా? తప్పెను, వచ్చె, డస్సెన్, మూడూ అయిపోయినయి. శ్రమ ఒక్కటే ఇంకా అవుతున్నది. నేను మొదట చెప్పిన ఊట ఇదే.

గుమ్మి: ఏనుగు అలసటను తెచ్చి మా వడ్ల మీద పోస్తున్నరు.

బమ్మెర బాట: పోయనీయండ్రి. పద్యం మొదటి పాదం నుంచి చూడుండ్రి: మొదలు లావు, అంటే బలం, పోయె, ఎనుక ధైర్యం కదిలె, ప్రాణాలు చోటు తప్పె, ఒళ్లు డస్సె. మనిషి లోపల కూలే వరుస గింత తూకంగ చెప్పినోడు ఇంకెవరున్నరు?

ఓరుగల్లు చదువరి: అంతా బాగున్నది. కార్డు అచ్చుకు పోవాలె. డు నా, డి నా?

గోదారి గట్టు: తెప్ప అయినా డు నే.

అరసున్న: డి కూడా తప్పు కాదు.

బమ్మెర బాట: నేను పైన రాసిన పాదంల ఒక తప్పు పోయింది. "వచ్చెఁ దనువున్" అని ఉండాలె. అరసున్న గారు ఉండి కూడా అరసున్న పట్టలేదు!