నీరు నిలిచే పెరటికి కృత్రిమ పచ్చిక పరిష్కారమా, పైపూతా?

పల్లపు పెరడు:
మా ఇంటి వెనుక సుమారు 50 చదరపు మీటర్ల పెరడు ఉన్నది. వాన వెలిసిన మరునాటికి కూడా అక్కడి నీరు కదలదు. గడ్డి కుళ్ళిపోయి బురద మిగిలింది. కుక్క బయటికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఇల్లంతా దాని అడుగులే. కృత్రిమ పచ్చిక (టర్ఫ్) పరిచే సంస్థ ప్రతినిధి ఒకరు వచ్చి చూసి, టర్ఫ్ అడుగున రంధ్రాలు ఉంటాయి కనుక నీరు క్షణాల్లో దిగిపోతుందనీ, వేరే ఏర్పాటేదీ అక్కర్లేదనీ చెప్పారు. ఈ మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

మట్టిమనిషి:
రంధ్రాల మాట నిజమే, దాని మీద ఆయన కట్టిన వాదమే నిలబడదు. టర్ఫ్ పొర ఎంత వేగంగా నీటిని వదిలినా, ఆ నీరు చేరవలసింది ఇన్నాళ్ళూ దానిని ఇంకించుకోలేకపోయిన మీ పాత మట్టిలోకే. ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా నీరు తాగగలదు. బంకమట్టికి గంటకు 1 నుంచి 5 మిల్లీమీటర్లే గతి. 40 మిల్లీమీటర్ల వాన కురిస్తే మీ పెరటి మీద పడేదే 2,000 లీటర్లు. దానికి తోడు ఇంటి కప్పులో 40 చదరపు మీటర్ల భాగం చూరు నీళ్ళు కూడా అటే జారుతున్నాయనుకుంటే మరో 1,600 లీటర్లు చేరతాయి. గంటకు 2 మిల్లీమీటర్ల చొప్పున ఇంకే నేల ఈ మొత్తాన్ని తాగడానికి 36 గంటలు పడుతుంది. కింది గిన్నె నిండిపోయాక పైన జల్లెడకు ఎన్ని కన్నాలు ఉంటే మాత్రం ఏమిటి ప్రయోజనం?

కంకర పని:
నేను టర్ఫ్ పరిచే పని చేసేవాణ్ణే కనుక నా మాటలో స్వార్థం ఉందని ఎవరైనా అనుకుంటే తప్పు పట్టను. కానీ మట్టిమనిషి గారు పచ్చికను నేరుగా మట్టి మీద పరుస్తారన్నట్టుగా లెక్క కట్టారు. పని తెలిసినవారు అలా చేయరు. పై మట్టిని తగినంత లోతు వరకు తీసివేసి, అడుగు మట్టి పైకి కలవకుండా జియోటెక్స్‌టైల్ వస్త్రం పరిచి, దాని మీద 75 నుంచి 100 మిల్లీమీటర్ల మందాన కంకర పోసి, ఇంటి గోడ నుంచి అవతలికి వందకు ఒకటి రెండు వంతుల వాలు వచ్చేలా దిమ్మిస చేస్తాము. మురుగు సమస్యకు వైద్యం జరిగేది ఆ పొరలోనే. పైన కనిపించే పచ్చదనం దానికి మూత మాత్రమే.

మట్టిమనిషి:
నా వాదాన్ని మీరే బలపరిచారు. వైద్యం కంకరది, వాలుది అయినప్పుడు కీర్తి పచ్చికకు ఎందుకు పోవాలి? పైగా కంకర పొర నీటిని పట్టి ఉంచుతుందే గాని మాయం చేయదు. నలుసు లేని శుభ్రమైన కంకరలో ఖాళీలు 30 నుంచి 40 శాతం ఉంటాయి. అంటే 100 మిల్లీమీటర్ల మందంలో ఈ పెరటికి 1,500 నుంచి 2,000 లీటర్లు పడతాయి. గట్టిదనం కోసం రాతిపొడి కలిపి అణచివేస్తే ఆ ఖాళీలు బాగా తగ్గిపోతాయి, అడుగు మట్టి కూడా బిగుసుకుని ఇంకుడు మరింత మందగిస్తుంది. బయటికి దారి లేని చోట అది అడుగు మూసిన తొట్టి అవుతుంది. మొదటి వాన నీరు అందులోనే ఉండగా రెండో వాన వస్తే పచ్చిక మీదికే నీరు తేలుతుంది. కుక్క ఉన్న ఇంట్లో, ఆ నిలవనీటిలో మూత్రం చేరితే వాసన ఎలా ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు.

పాత తోటమాలి:
మీ ఇద్దరూ బతికిన గడ్డిని లెక్కలోకే తీసుకోలేదు. దాని వేర్లు, వానపాములు నేలలో సన్నని దారులు తొలుస్తూ ఉంటాయి. ఆకులు నేలలోని తేమను గాలిలోకి వదులుతాయి. ప్లాస్టిక్ పోగుకు ఈ రెండు పనులూ చేతకావు. కనుక ముందు వాలు సరిచేసి, నేలను గుల్లచేసి, కంపోస్టు కలిపి మళ్ళీ గడ్డి నాటడమే నా మొగ్గు. అయితే ఒక్క మినహాయింపు చెప్పకపోతే అది మొండితనమవుతుంది: ఎత్తైన గోడ నీడ రోజంతా పడే చోట మీరు ఎంత సేవ చేసినా గడ్డి పలుచబడి బురద తేలుతుంది. అలాంటి చోట టర్ఫ్ వేసుకున్నవారిని నేను తప్పు పట్టలేను.

కంకర పని:
బయటికి దారి ఉండాలన్న మాటకు నేను తలవంచుతున్నాను. నీరు పల్లమెరుగును కనుక, పెరటిలో అతి పల్లమైన అంచు వెంట కందకం తీసి, రంధ్రాల గొట్టం వేసి, చుట్టూ కంకర నింపి, ఆ గొట్టాన్ని ఇంకా దిగువనున్న కాలువకు కలపాలి. దీనినే ఫ్రెంచ్ డ్రెయిన్ అంటారు. ఫ్రాన్స్ దేశంతో దీనికి సంబంధం లేదు, 1859లో పొలాల మురుగు పారుదల గురించి పుస్తకం రాసిన హెన్రీ ఫ్రెంచ్ అనే అమెరికన్ పేరు మీదుగా వచ్చిన మాట. దీనిని పచ్చిక పరచక ముందే వేయాలి. తరువాత వేయవలసివస్తే అతుకులు విప్పి, కంకర తవ్వి, మళ్ళీ జిగురు పెట్టడం రెట్టింపు పని. ఆ నీరు పొరుగువారి స్థలంలోకి పోకుండా చూడవలసిన బాధ్యత మాత్రం ఇంటివారిదే. ఈ ఏర్పాటంతా ఉన్నప్పుడు టర్ఫ్ బురదను ఖాయంగా ఆపుతుందన్న నా అభిప్రాయం మారలేదు.

మట్టిమనిషి:
ఆ ఏర్పాటంతా ఉన్నప్పుడు చాలా చోట్ల మామూలు గడ్డి కూడా నిలుస్తుంది. మన తగవు అక్కడే. పల్లపు పెరడు గారూ, ఎవరికీ డబ్బు ఇవ్వకముందు ఒక అడుగు లోతు గుంత తవ్వి, నీరు నింపి, అది ఇంకిపోయాక మళ్ళీ నింపి, రెండోసారి ఎంత వేగంగా తగ్గుతున్నదో కొలవండి. చూరు నీళ్ళు ఎటు పోతున్నాయో కూడా ఒక వానలో నిలబడి చూడండి.

పల్లపు పెరడు:
చూశాను. రెండోసారి నింపిన నీరు 6 గంటల్లో 18 మిల్లీమీటర్లే దిగింది. కప్పు నుంచి వచ్చే గొట్టం గోడ మొదట్లోనే ముగుస్తున్నది. ఇన్నేళ్ళూ ఆ సంగతి పట్టించుకోకపోవడం నాకే సిగ్గుగా ఉన్నది. దానికి మరో గొట్టం తగిలించి వీధి కాలువ వరకు తీసుకుపోయాను. తరువాతి వానకు నీరు మరునాటి ఉదయానికే పెరట్లో చాలా భాగం నుంచి తొలగింది గాని, నీడ పడే వెనుక మూలలో మాత్రం సాయంత్రం దాకా నిలిచింది. ఆ మూలకు కందకం తీయిస్తున్నాను. అది ఒక వర్షాకాలం పనిచేసేదాకా టర్ఫ్ వారికి సమాధానం ఇవ్వనని చెప్పాను; ఆ ప్రతినిధి ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశారు.