‘పదుల’నా, ‘పదున’నా? ఇంగ్లీషు వరుస సంఖ్యల పద్యంలో తేలని ఒక అక్షరం

నాగావళి:
శ్రీకాకుళంలో నేను ఆరో తరగతి చదువుకునే రోజుల్లో, ఇంగ్లీషు వరుస సంఖ్యలను అంకెల్లో రాసేటప్పుడు చివర ఏ అక్షరాలు చేర్చాలో గుర్తుండడానికి, మా మాస్టారు తామే కట్టిన నాలుగు పాదాలను మా చేత వల్లె వేయించేవారు. మూడు పాదాలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు:

ఒకటి చివరన ఎస్సు టీయే
రెండు చివరన ఎన్ను డీయే
మూడు చివరన ఆరు డీయే

నాలుగో పాదం ‘పదు... మూడిట టీయెచే’ అన్నంతవరకే నోటికి వస్తోంది. ‘పదు’ తరువాతి అక్షరం ‘ల’ అవునో ‘న’ అవునో తేలడం లేదు. నిన్న మా మనవరాలు నోటుపుస్తకంలో 11 పక్కన ఎస్‌టీ రాసి, ‘ఒకటి చివరన ఎస్సు టీయే అని నువ్వే చెప్పావు కదా, తాతయ్యా’ అంది. దిద్దబోయి, ఆ పాదం దగ్గరే ఆగిపోయాను.

చంపావతి:
‘పదుల’ అనే ఉంటుందండీ. పదుల స్థానంలో ఒకటి ఉన్నప్పుడు, ఒకట్ల స్థానంలో ఒకటి, రెండు, మూడు ఏది ఉన్నా టీహెచ్ రావాలన్నదే అక్కడి భావం. పదకొండుకే కాదు, నూట పదకొండుకూ, రెండు వందల పన్నెండుకూ టీహెచ్ వచ్చేది ఆ నియమం వల్లనే. ‘పదున’ అని చదివితే, పదకొండు, పన్నెండు, పదమూడు దాటాక నియమం ముగిసిందనుకుని 111 పక్కన పిల్లలు మళ్లీ ఎస్‌టీ పెడతారు.

గోస్తని:
చంపావతిగారి తర్కం బాగుంది కానీ, మాట అందుకు ఒప్పుకోదు. ‘పదుల’ అంటే తెలుగువాడికి తోచేది పదులన్నీ. అప్పుడు ఇరవై ఒకటికీ, ముప్పై రెండుకూ టీహెచ్ చేరి పద్యమే తప్పుడు పాఠం చెప్పినట్లవుతుంది. పదునాలుగు, పదునెనిమిది అనే పాత రూపాల్లోని ‘పదు’నే మాస్టారు తీసుకుని, ‘పదిలో ఉన్న మూడింటికి’ అనే అర్థంలో ‘పదున మూడిట’ అని ఉంటారని నా నమ్మకం. వందలు దాటిన సంగతి ఆరో తరగతి పిల్లలకు అప్పటికి అవసరం పడి ఉండదు.

వంశధార:
ఇద్దరూ అర్థం వెంట వెళ్లారు కానీ నడకను చూడలేదు. ‘ఒకటి’ మూడు మాత్రలు, ‘చివరన’ నాలుగు; ‘ఎస్సు’ మూడు, ‘టీయే’ నాలుగు. మూడూ నాలుగుగా సాగి చివరి పాదం కురచ కావడం గురజాడవారి ముత్యాల సరం నడక. విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన ఆ మహాకవి 1910లో ఈ నడకను తెలుగు చెవికి అలవాటు చేశారు. లెక్కలూ వ్యాకరణమూ ఇందులో ఇమిడిపోయేంత సహజంగా మన ప్రాంతపు బడి పంతుళ్ల నాలుకకు అది పట్టింది. నాకు అది తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

చంపావతి:
నడక సాక్ష్యం ఇక్కడ పనికిరాదండీ. ‘పదుల’, ‘పదున’ రెండూ మూడేసి లఘువులే కనుక ఛందస్సు ఎవరి పక్షమూ వహించదు. గురజాడవారి పేరు వచ్చింది కనుక మరో మాట. కన్యాశుల్కం 1897లో వెలువడినదాన్ని మనం మొదటి కూర్పు అంటాం, 1909 నాటిదాన్ని రెండవ కూర్పు అంటాం. ‘ఒకటవ కూర్పు’ అని ఎవరూ అనరు. అయితే ఇరవై దాటగానే ‘మొదటి’ మాయమై ‘ఇరవై ఒకటవ’ అవుతుంది. ఇంగ్లీషులో ‘ఫస్ట్’ అక్కడా వదలదు, ‘ట్వెంటీ ఫస్ట్’ అనే అంటారు. మన పిల్లలు 21 పక్కన టీహెచ్ పెట్టడానికి మూలం ఈ తేడాలోనే ఉందని నా అభిప్రాయం. ఎందుకంటే మనకు అన్నిటికీ ఒక్క ‘వ’ సరిపోతుంది.

గోస్తని:
ఒక్క ‘వ’ అని అంత నిక్కచ్చిగా అనకండి. గిడుగు రామమూర్తిగారు పుట్టిన శ్రీకాకుళం గడ్డ మీద ‘రెండో’, ‘మూడో’ అన్నవే నోట నడిచే రూపాలు. ఇక ‘సెకండ్’ అసలు ఇంగ్లీషు మాట కాదు. లాటిన్‌లో ‘వెంట వచ్చేది’ అనే అర్థమున్న మాట ఫ్రెంచి మీదుగా వచ్చి చేరింది. అంతకు ముందు వారు రెండవదాన్ని ‘అదర్’ అనే మాటతోనే చెప్పుకునేవారు.

వంశధార:
అక్షరాల సంగతే అయితే, పద్యంలో లేనివి ఇంకా కష్టం. ‘నైన్’ చివరి ఈ ‘నైంత్’లో పోతుంది, ‘ఎయిట్’కు టీహెచ్ చేర్చినా ‘ఎయిత్’లో టీ ఒక్కటే ఉంటుంది, ‘ఫైవ్’, ‘ట్వెల్వ్’లలోని వీ ఎఫ్‌గా మారుతుంది. వీటికీ మాస్టారు పాదాలు కట్టి ఉంటారా, నాగావళిగారూ?

నాగావళి:
కట్టినట్లు గుర్తు లేదండీ. మీ మాటలన్నీ చదివాక, నాతో ఒకే బల్ల మీద కూర్చుని చదివిన పలాస మిత్రుడికి ఫోను చేశాను. అతడు క్షణం కూడా ఆలోచించకుండా ‘పదిల మూడిట టీయెచే’ అని రాగం తీసి వినిపించాడు. ‘పదిలంగా చూసుకోండిరా, ఆ మూడింటి దగ్గరే జారతారు’ అని మాస్టారు బల్ల మీద బెత్తంతో మూడుసార్లు తట్టేవారట. బెత్తం చప్పుడు నాకూ గుర్తుంది, ‘పదిల’ మాత్రం గుర్తు లేదు.

చంపావతి:
‘పదిల’లో కూడా మూడు మాత్రలే ఉన్నాయి. పైగా మొదటి రెండక్షరాలలో ‘పది’ ఉండనే ఉంది. మాస్టారు కావాలనే అలా కూర్చారా అన్నది మీ మిత్రుణ్ని మరోసారి అడిగి చెప్పండి.