సమస్య: కొమ్మ నరికినపుడె కొమ్మ నవ్వె

నాగావళి ఒడ్డు (నిర్వహణ):
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, పై మూడూ మీరు పూరించాలి. సంక్రాంతి అయ్యాక దొడ్లో మల్లెపాదు కత్తిరిస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి "కత్తిరింపా, క్షవరమా?" అని నవ్వింది. చేతులు కడుక్కుని లోపలికొచ్చేసరికి పాదం సిద్ధం.

కొమ్మ నరికినపుడె కొమ్మ నవ్వె

కొమ్మంటే చెట్టుదీ అవుతుంది, స్త్రీ కూడా. రెండిట్లో దేనికి ఏ అర్థమో మీ ఇష్టం. పూరణకి కాస్త మట్టి అంటుకుని ఉండాలి. నిఘంటువు ముందేసుకుని రాసినవి ఇట్టే పట్టుకుంటాను.

గంటస్తంభం (విజయనగరం):

పైడితల్లి వేడ్క పట్టణమ్మున రాగ
చింతమాను గొట్టి సిరిగ మార్చ
కోటవరకు నూగె కొలుపుతో సిరిమాను
కొమ్మ నరికినపుడె కొమ్మ నవ్వె

నాగావళి ఒడ్డు:
గణాలు (గురులఘువుల గుంపులు) సరి. చిం–సి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) ముచ్చటగా పడింది. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం, పూజారి చింతమాను కొసన కూర్చుని ఊరేగే సిరిమాను పండగ, కళ్లముందు నిలిచింది. కానీ మేస్టారూ, సిరిమాను కోట దాకా ఊగాక మళ్లీ కొమ్మ నరకడమేంటండీ? పైగా అది మాను, కొమ్మ కాదు. అమ్మవారిని 'కొమ్మ' అనడానికి నాకైతే ధైర్యం చాలదు.

గంటస్తంభం:
ఒప్పుకున్నాను. మూడో అంతస్తువాణ్ణి, ఉన్నది ఒక్క తులసికుండీ. మట్టి ఎక్కణ్ణుంచి తేను?

పాదూ గొప్పూ:

మల్లెపాదు నీరు మాన్పించి పుష్యాన
మూరెడెత్తునుంచి మొదలుమీద
తెగినచోటనెల్ల తెలిమొగ్గ తలయెత్త
కొమ్మ నరికినపుడె కొమ్మ నవ్వె

నాగావళి ఒడ్డు:
ఇది చేసినవాడి పద్యమని తెలుస్తోంది. నీళ్లు ఆపి, ఆకు రాలనిచ్చి, ఆనక కత్తెర పెట్టడం పుస్తకాల్లో చదివి అబ్బేది కాదు. రెండు పేచీలు. 'ఎత్తునుంచి' అంటే 'ఎత్తు ఉంచి' అనా? అలాగైతే సంధిలో 'ఎత్తుంచి' అవుతుంది, నకారం రాదు. రెండోది ఛందస్సుకి సంబంధం లేనిది. తెగినచోట ముందు ఇగురు కదా వస్తుంది, పూమొగ్గ ఎలా వచ్చింది? మీ మల్లెకి అంత తొందరా?

పాదూ గొప్పూ:
నిజమే. కొస చిగురులో పుట్టే ఆక్సిన్ అనే ఎదుగుదల హార్మోను పక్కచిగుళ్లని లేవనివ్వదు. కొస తెగితే అవన్నీ ఒక్కసారి లేస్తాయి, ఆ కొత్త రెమ్మలకే పూత. ముప్పయ్యేళ్లుగా కత్తిరిస్తున్నవాణ్ణి పద్యంలోకొచ్చేసరికి తడబడ్డాను. రెండు, మూడు పాదాలకి సవరణ:

మూరెడెత్తు వదలి మొదలుమీద
పక్క చివురు హెచ్చి ఫాల్గుణమున బూయ

'పూయ' అంటే పూయడానికి. ప–ఫా ఒకే వర్గం కాబట్టి వర్గయతి.

నాగావళి ఒడ్డు: ఇప్పుడు బావుంది.

కనకాంబరం:

పతిని బాసి యేడు పలుకని మాయమ్మ
దొడ్డిలో గులాబి దుబ్బుచేరి
కత్తెరందుకొనియె కన్నీరు తుడుచుచు
కొమ్మ నరికినపుడె కొమ్మ నవ్వె

గంటస్తంభం:
పద్యం తడిగా ఉందమ్మా. ఒక్క ఔచిత్యం మాట. 'కొమ్మ' ప్రబంధాల్లో నాయికకి వాడే మాట. కన్నతల్లిని అలా అనొచ్చా? ఒక్క అక్షరం మార్చి 'యాయమ్మ' అనండి, గణం చెడదు, ఇబ్బందీ పోతుంది.

కనకాంబరం:
అన్నయ్యగారూ, ఎవరో ఆయమ్మ కాదండి, మా అమ్మే. ఆ గులాబిని నాన్న ఎవర్నీ ముట్టనిచ్చేవారు కాదు. నిలువెత్తు పెరిగిపోయి, పూసిన నాలుగు పూలూ పైన కాకులకే కనబడేవి. ఆ రోజు అమ్మ కత్తెర పట్టుకుని ఒక్కో కొమ్మా వేలితో తడుముకుంటూ వచ్చింది. బయటివైపు చూసే కన్ను (చిగురు లేచే చోటు) దొరికితే ఆగి, దానికి పావంగుళం పైన ఏటవాలుగా కోసింది. నాలుగోది కోశాక "మీ నాన్న సూసుంటే ఇల్లెక్కి అరుద్దురే!" అంది. నవ్వింది. ఏడాదికి అదే మొదలు. నాకు 'మాయమ్మ' కావాలండి.

గంటస్తంభం: నా సవరణ వెనక్కి తీసుకున్నాను తల్లీ.

నాగావళి ఒడ్డు: 'మాయమ్మ' ఉంటుంది.

జీడిపిక్క (ఉద్దానం):
మాకు ఛందస్సేటి తెలుసండి, తప్పులుంటే చెప్పండి. మాది 2018 అక్టోబరు 11 నాటి తిత్లి తుపాను కత.

తిత్లిగాలి వీచి తెగిపడె తోటంత
జీడి కొబ్బరి చెట్లు చితికిపోయె
చీలికలను జూచి చేత రంపము బట్టి
కొమ్మ నరికినపుడె కొమ్మ నవ్వె

నాగావళి ఒడ్డు:
మూడు పాదాలు నిలబడ్డాయి బాబూ, రెండోది మాత్రం కూలింది. 'జీడి' గలం (గురువు, లఘువు), 'కొబ్బ' గలం. మిగిలిన 'రి' పోయి 'చెట్లు'తో కలిసి జగణమైంది (లఘువు, గురువు, లఘువు), సూర్యగణాల (గలం, మూడు లఘువుల నగణం) మధ్య దానికి చోటు లేదు. అయినా కొబ్బరికి కొమ్మేది?

జీడిపిక్క:
అదేనండి బాధ. కొబ్బరికి ఒకటే మొవ్వు. అది ఇరిగిందా, సెట్టు పోయినట్టే. మా నాన్న నాటినయ్యి ఒక్క రేతిరిలో పోయాయి. జీడి అలా కాదు, సీలిన కొమ్మని నున్నగా కోసేత్తే మోడు నుంచి ఇగురేస్తాది. వారం రోజులు తోటలోకి ఎల్లబుద్ధి కాలేదు. ఎనిమిదో రోజు ఒక్క సెట్టే కోసి వచ్చాను. ఆ రేతిరే నిద్దరపట్టింది.

నాగావళి ఒడ్డు:
అయితే కొబ్బరిని పద్యంలోంచి తీసేయండి, మీ వాక్యంలోనే ఉండనీయండి. రెండో పాదం ఇలా చేస్తే?

జీడిచెట్టు మీద చెయ్యి వేసి

జీ–చె యతి. ఆ ఎనిమిదో రోజు చెయ్యే వేసుంటారు కదా ముందు?

జీడిపిక్క: ఏసానండి. అలగే ఉంచండి.

గంటస్తంభం:
నిర్వాహకులవారూ, మీరు కత్తిరించిన మల్లెకొమ్మలు పారేశారా?

నాగావళి ఒడ్డు:
పెన్సిలంత లావువి నాలుగు తీసి నీడన ఉంచాను. ఆదివారం విజయనగరం వస్తున్నాను, తడిగుడ్డలో చుట్టి తెస్తాను. కుండీకి అడుగున చిల్లుందో లేదో చూసుకోండి.