నాపరాయిలో ఆకు ముద్ర దొరికింది, ఇది శిలాజమేనా? బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల రాళ్ల గురించి చెప్పేవాళ్లు ఉన్నారా?

పటమట_వాసి

అందరికీ నమస్కారం. మేడ మీద పరవడానికి పోయిన నెల మాచర్ల నాపరాళ్లు తెప్పించాం. దించేటప్పుడు ఒకటి జారి పడింది. అడ్డంగా విరగలేదు, పుస్తకం తెరిచినట్టు రెండు పలకలుగా విడిపోయింది. లోపల చూస్తే ఆకులు! నల్లగా, సన్నగా, ఫెర్న్ ఆకుల్ని అచ్చు గుద్దినట్టు ఏడెనిమిది ఉన్నాయి, అన్నీ రాయి అంచు దగ్గర మొదలై లోపలికి పాకాయి. అన్నిటికంటే పెద్దది నా చూపుడు వేలంత ఉంది. రెండు పలకల మీదా అదే బొమ్మ, అద్దంలో చూసుకున్నట్టు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. చూసినప్పటి నుంచి దానికి వేరే ధ్యాస లేదు. రెండు పలకల్నీ పాత చీరలో చుట్టి తన మంచం కింద పెట్టుకుంది, స్కూలుకి వెళ్లేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి తీసి చూస్తుంది. డైనోసార్ల కాలం నాటిదా అమ్మా అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

ఇది నిజంగా శిలాజమేనా, ముందు అది చెప్పండి. ఇంకోటి, పక్షుల్ని చూపించే బృందాలున్నాయి, ఆదివారం కొండలెక్కించేవాళ్లున్నారు, కానీ రాళ్ల దగ్గర నిలబెట్టి ఇది ఫలానా అని చెప్పేవాళ్లు మాకు విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఎవరూ తగల్లేదు. ఉంటే చెప్పండి. సుత్తి కొనిపెట్టమంటోంది, మన కొండల్లో వెతికితే ఏమైనా దొరుకుతాయా?

గుంటూరు_బండలషాపు

మేడమ్, నేను 22 ఏళ్లుగా బండల వ్యాపారంలో ఉన్నాను. ఇలాంటి బొమ్మ పడ్డ రాళ్లు మా షాపుకి వస్తూనే ఉంటాయి, కొంతమంది అడిగి మరీ ఏరుకుంటారు, గోడకి పెట్టుకుంటే బాగుంటుందని. సైన్సు పరంగా అదేంటో వేరేవాళ్లు చెప్తారు, నేను కళ్లతో చూసింది చెప్తాను. ఆ నలుపు రాయి లోపలికి ఉండదు. పాలిష్ మిషన్ కింద పెట్టి కాస్త అరగదీస్తే చాలు, బొమ్మ పోతుంది, కింద మామూలు రాయే. పగులు ఉన్నచోట మాత్రమే ఉంటుంది, గట్టి రాయిని కట్టర్‌తో నిలువునా కోస్తే నాకెప్పుడూ కనపడలేదు.

అది పుస్తకంలా ఎందుకు విడిపోయిందంటే నాపరాయి పొరలు పొరలుగా ఉంటుంది. క్వారీలో పనివాళ్లు ఆ పొర సందు చూసుకుని ఉలి పెట్టి లేపుతారు, అరంగుళం మందాన కూడా పలక ఊడి వస్తుంది. మా పల్నాడులో పాత ఇళ్లకి పైకప్పు కూడా ఆ రాళ్లే. మీ అమ్మాయికి క్వారీ చూపించాలంటే చెప్పండి, తెలిసినవాళ్లతో మాట్లాడి పెడతాను.

రాళ్లబడి

పై సోదరుడు చెప్పిన పాలిష్ సంగతి అసలైన సాక్ష్యం. నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ పిల్లలకు జియాలజీ చెప్పి రిటైరయ్యాను, ప్రతి ఏడూ ఎవరో ఒక విద్యార్థి ఇదే రాయి పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. అమ్మా, అది ఆకు కాదు. దాన్ని డెండ్రైట్ అంటారు. రాయిలో వెంట్రుకవాసి పగులు ఉంటే అందులోకి మాంగనీసు కరిగిన నీళ్లు దిగుతాయి, నీరు ఆరేకొద్దీ మాంగనీసు ఆక్సైడ్ నల్లగా పేరుకుంటూ కొమ్మలు వేస్తుంది. చలిదేశాల్లో కిటికీ అద్దం మీద మంచు పూలు పూసినట్టు పరుచుకుంటుంది. మీరు రాసిన దాంట్లోనే జవాబు ఉంది, అన్నీ అంచు నుంచి మొదలై లోపలికి పాకాయన్నారు. నీళ్లు వచ్చిన దారి అదే.

అమ్మాయినే తేల్చుకోనివ్వండి. భూతద్దం పెట్టి చూడమనండి. నిజం ఆకుకి నడిమి ఈనె ఉంటుంది, దానికి అటూ ఇటూ చిన్న ఆకులు ఒక వరసలో, ఒక లెక్కలో వస్తాయి. డెండ్రైట్‌కి ఈనె ఉండదు, కొమ్మకి కొమ్మ ఎటుపడితే అటు చీలుతుంది. తర్వాత మెడికల్ షాపులో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడ్ తెచ్చి నల్ల గీత మీద ఒక చుక్క, పక్కన ఉత్త రాయి మీద ఒక చుక్క వెయ్యండి. మాంగనీసు ఆక్సైడ్ అయితే నలుపు మీద బుడగలు లేస్తాయి. ఇంకోచోట రాయిని మేకుతో గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా పొంగుతుంది, అది సున్నపురాయి అని చెప్పడానికి.

ఆకు కాదనడానికి ఇంకో పెద్ద కారణం వయసు. పల్నాడు సున్నపురాయి, పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చేదీ దాచేపల్లి, మాచర్ల వైపు నాపరాళ్లుగా తీసేదీ, కర్నూలు గ్రూపు అనే చాలా పాత సముద్రపు పొరలది. అది సముద్రం అడుగున పేరుకునేనాటికి నేల మీద ఫెర్న్ అన్నదే పుట్టలేదు. డైనోసార్ల మాట చెప్పనే అక్కర్లేదు. అమ్మాయి నిరుత్సాహపడితే ఈ ముక్క చెప్పండి: ఆ మంచం కింద ఉన్నది డైనోసార్ కంటే ఎంతో పాత సముద్రపు అడుగు. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కింది కూడా ఈ పల్నాడు సున్నపురాయి మీదే. అమరావతి మ్యూజియంకి తీసుకెళ్లి, శిల్పం అంచుల్లో రాయి పొరలు ఎలా కనపడతాయో చూడమనండి.

ఇక మన కొండలు. సుత్తి పట్టుకుని బెజవాడ కొండల్లో వెతికితే శిలాజం దొరకదు, ఎంత వెతికినా దొరకదు, ఎందుకో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. ఇవి తూర్పు కనుమల రాళ్లు. ఖోండలైట్, చార్నోకైట్ అంటారు. ఖోండలైట్ ఒకప్పుడు బురద, బంకమట్టి. అది భూమి లోపలికి పాతిక ముప్పై కిలోమీటర్లు దిగి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి మళ్లీ పైకొచ్చింది. కొండపల్లి దగ్గర ఆ వేడి తగిలిన కాలం సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట అని లెక్క కట్టారు. అంత ఉడికాక ఏ జీవి ఆనవాలూ మిగలదు. మిగిలేది ఖనిజాలు. కొండను కోసి రోడ్డు వేసినచోట నిలబడి చూడండి: తుప్పు రంగు చారలు, వాటి మధ్య కందిగింజంత ఎర్రటి గింజలు, అవే గార్నెట్లు. పాత సీసా ముక్క మీద గీస్తే గాజు మీద గీత పడుతుంది. అక్కడక్కడ మెరిసే నల్లటి రేకు తగిలితే వేలితో రుద్దండి, పెన్సిలు మసి అంటుతుంది. నిజంగానే పెన్సిల్లో వాడే గ్రాఫైటే అది.

చార్నోకైట్ పేరు కథ కూడా అమ్మాయికి చెప్పండి. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి మద్రాసు దగ్గర నుంచి పోయింది, ఆ రాయిని చూసి హాలండ్ అనే జియాలజిస్టు 1893లో ఆ పేరు పెట్టాడు. ఖోండలైట్‌కి ఒడిశా ఖోండులు, అంటే కోందుల పేరు 1902లో వాకర్ పెట్టాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. వానాకాలంలో కొండ కోసిన గోడల కిందికి పిల్లల్ని తీసుకెళ్లొద్దు. ఈ రాయిలో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఏళ్ల తరబడి నానీ నానీ మట్టిగా మారిపోతుంది, పైకి బండలా కనపడుతుంది గానీ లోపల పట్టు ఉండదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో చరియ విరిగి ఇళ్ల మీద పడి మనుషులు పోయారు, అందరికీ గుర్తుండే ఉంటుంది. జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు.

మంగళగిరి_నడక

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. నిజం శిలాజాలు ఎక్కడ అన్నదానికి నా అనుభవం రాస్తాను.

మేము నలుగురం మూడేళ్ల కిందట రాజమండ్రి దారిలో పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు వెళ్లాం. అక్కడ నల్లరాయి క్వారీలున్నాయి, కంకర కొడతారు. ఆ నల్లరాయి దక్కన్ లావా. పడమటి కనుమల వైపు నుంచి దేశం అడ్డంగా పారుకుంటూ మన గోదావరి దాకా వచ్చిందని చదివినప్పుడు నేను నమ్మలేదు, క్వారీ గోడ ముందు నిలబడ్డాక నమ్మాను. లావా కింద ఒక సున్నపు పొర, లావాకీ లావాకీ మధ్య ఇంకోటి. ఆ తెల్లటి పొరల్లో గవ్వలున్నాయి. టరిటెల్లా అంటారట, స్క్రూ మేకులా మెలితిరిగి పొడుగ్గా ఉంటుంది, కొన్ని నా చిటికెన వేలి గోరంత కూడా లేవు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లు పోయిన కాలానికి అటూ ఇటూ పేరుకున్న పొరలవి, ఆ సమయంలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి బయటి దేశాల శాస్త్రవేత్తలు కూడా అక్కడికొచ్చి నమూనాలు తీసుకెళ్లారు. మనకి ఇంత దగ్గర్లో!

మొదటిసారి మేం తప్పు చేశాం. ఎవర్నీ అడక్కుండా లోపలికి దిగాం. సూపర్‌వైజర్ వచ్చి కేకలేసి పంపేశాడు, ఆయన కోపంలో న్యాయం ఉంది, ఇంకో గంటలో బ్లాస్టింగ్ పెట్టారు. మాకా సంగతే తెలియదు. రెండోసారి ముందురోజు ఫోన్ చేసి, బ్లాస్టింగ్ లేని టైము అడిగి, హెల్మెట్లు తీసుకెళ్లాం, అదే మనిషి దగ్గరుండి చూపించి టీ కూడా ఇప్పించాడు. గోడని తవ్వొద్దు. లారీల దారి పక్కన పడేసిన ముక్కల్లోనే కావలసినన్ని గవ్వలు కనపడతాయి. ఫొటో తీసేటప్పుడు పక్కన రూపాయి బిళ్ల పెట్టండి సైజు తెలియడానికి, ఏ పొర కింద దొరికిందో అక్కడే రాసుకోండి. ఎక్కడిదో రాసుకోని రాయి ఇంటికొచ్చాక ఉత్త రాయే.

రేపల్లె_రైతు

మా వైపు సంగతి కూడా చెప్తాను. బోరు వేసినప్పుడు, చెరువు తవ్వినప్పుడు మా పొలాల్లో ఇసుకతో పాటు ఆల్చిప్పలు, గవ్వలు బుట్టలకొద్దీ పడతాయి. సముద్రం ఇప్పుడు మాకు చాలా దూరం. మా తాత సముద్రం ఇక్కడిదాకా ఉండేదిరా అంటే కథ అనుకునేవాణ్ణి. ఇవి శిలాజాలేనా మాస్టారూ?

రాళ్లబడి

మీ తాతగారు చెప్పింది నిజమే. ఆరేడు వేల ఏళ్ల కిందట తీరం ఇప్పటికంటే బాగా లోపలికి ఉండేది, కృష్ణ ఒండ్రు తెచ్చి పోసేకొద్దీ సముద్రం వెనక్కి జరిగింది. డెల్టాలో తీరానికి సమాంతరంగా పొడవాటి ఇసుక మెరకలు కనపడతాయే, అవన్నీ ఒకప్పటి ఒడ్డు గీతలే. మీ గవ్వలు ఇంకా రాయి కాలేదు, గవ్వగానే ఉన్నాయి, అందుకని పూర్తి శిలాజం అనరు. కానీ ఎన్ని అడుగుల లోతులో పడ్డాయో రాసి ఒక డబ్బాలో దాచండి. లోతు తెలియకపోతే వాటి విలువ సగానికి పడిపోతుంది.

పటమట అమ్మా, మీ అమ్మాయికి ఆకు శిలాజమే కావాలంటే అదీ ఉంది. ఒంగోలు, ఇంకొల్లు ప్రాంతంలో వేమవరం, బూదవాడ, పావులూరు పేర్లతో పొరలున్నాయి. వేమవరం షేల్‌లో అంటే పలకలుగా విడిపోయే మట్టిరాయిలో, టైలోఫిల్లమ్ అనే మొక్క ముద్రలు దొరికాయి, చూడటానికి సైకాస్ ఆకులా ఉంటుంది, ఈనె ఉంటుంది, వరసలుంటాయి, నేను పైన చెప్పిన లెక్క అంతా అందులో చూడొచ్చు. జియాలజిస్టు రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ కోస్తా అంతా తిరిగి రాసిన నివేదిక, ఫైస్ట్‌మాంటెల్ ఈ మొక్కల మీద చేసిన పని, రెండూ 1879 ప్రాంతానివి. అక్కడ ఇప్పుడు ఎక్కువగా పొలాలే, రైతును అడక్కుండా గట్టు కూడా దాటకండి. హైదరాబాద్ వెళ్తే బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం తప్పకుండా చూపించండి, తెలంగాణలో యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో నిలబెట్టింది.

బయల్దేరేముందు జియలాజికల్ సర్వే వాళ్ల భూకోశ్ సైటులో మ్యాపు చూసుకోండి, ఉచితమే. ఏ రంగు ఏ రాయో చూసుకుని, శిలాజం ఉండే అవకాశం ఉందో లేదో ఇంట్లో కూర్చునే సగం తేల్చుకోవచ్చు.

పటమట_వాసి

అందరికీ చాలా థాంక్సండీ. నిన్న సాయంత్రం మేడ మీద పరీక్ష పెట్టాం. పెరాక్సైడ్ చుక్క వెయ్యగానే నల్ల గీతల వెంబడి మాత్రమే తెల్లగా బుడగలు లేచాయి, కొమ్మ కొమ్మకీ విడివిడిగా, గీతలన్నీ నురగతో మళ్లీ గీసినట్టు కనపడ్డాయి. పక్కన ఉత్త రాయి మీద ఏమీ లేదు. మా అమ్మాయి ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు, భూతద్దం తెచ్చి ఈనె లేదమ్మా, నిజంగానే లేదు అని పది నిమిషాలు అలాగే వంగి చూసింది. తర్వాత తెల్ల కాయితం మీద 'డెండ్రైట్, మాచర్ల నాపరాయి, మా మేడ' అని తేదీతో సహా రాసి ఆ పలకకి అంటించింది.

బండలషాపు అన్నగారూ, క్వారీ చూపించే సంగతి దయచేసి మాట్లాడి పెట్టండి. మాస్టారూ, సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం మీకు వీలైతే మాకు గార్నెట్లు చూపిస్తారా? దాని క్లాసులో ఇంకో నలుగురు పిల్లలు వస్తామంటున్నారు.

రాళ్లబడి

తప్పకుండా. సంక్రాంతి తర్వాత రెండో ఆదివారం, పొద్దున ఆరున్నరకి, ఎండ ఎక్కేలోపు దిగిపోదాం. ఎక్కడన్నది ముందు నేను వెళ్లి గోడ గట్టిగా ఉన్నచోటు చూసుకుని ఇక్కడే రాస్తాను. పిల్లలకి బూట్లు, టోపీ, నీళ్లు, ఒక నోటుబుక్కు, ఒక పాత గాజు ముక్క గుడ్డలో చుట్టి. పెద్దవాళ్లు ఒకరైనా తోడు రావాలి. సుత్తి వద్దు, నా దగ్గర ఒకటుంది, అది చాలు.

మంగళగిరి_నడక

నేనూ వస్తాను మాస్టారూ, మూడు భూతద్దాలు తెస్తాను.