చేయి చేయి కలుప చేటు గలిగె: ఎన్నికల వేళ ఒక సమస్య

నిర్వాహకుడు (ఆదివారం, 2024 మార్చి 17)

మిత్రులారా, నిన్న ఎన్నికల సంఘం లోక్‌సభ ఎన్నికల తేదీలు ప్రకటించింది. ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా ఏడు విడతలు, జూన్ 4న లెక్కింపు. మన రెండు రాష్ట్రాలూ మే 13న ఓటు వేస్తాయి. ఈ వారం సమస్య, అంటే మీరు పైన మూడు పాదాలు రాసి పూరించవలసిన పద్యపాదం, అక్కడి నుంచే తీసుకుందాం.

చేయి చేయి కలుప చేటు గలిగె

ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గురువు, లఘువు లేదా మూడు లఘువులు). మొదటి ‘చే’కు నాలుగో గణం మొదటి ‘చే’ యతి, అంటే చెల్లే అక్షరం. విషయం: ఎన్నికల ముందు ప్రతిపక్షాల కూటములు.

ఈ పాదం ఎలా పుట్టిందో చెబుతాను. నా బల్ల సొరుగులో 2018 మే 24 నాటి దినపత్రిక ముక్క ఒకటి ఉంది. ముందురోజు బెంగళూరు విధానసౌధ ముందు కుమారస్వామి ప్రమాణస్వీకారం జరిగింది. వేదిక మీద సోనియా గాంధీ, మాయావతి చేతులు కలిపి నిలబడ్డారు. మమత, అఖిలేష్, కేజ్రీవాల్, శరద్ పవార్, ఏచూరి, మన చంద్రబాబు కూడా ఆ వేదిక ఎక్కినవారే. నిన్న షెడ్యూలు విన్నాక ఆ కాగితం తీసి చూశాను. ఎవరి ప్రమాణస్వీకారానికి అందరూ వెళ్ళారో ఆయన పార్టీ గత సెప్టెంబరులో ఎన్డీయేలో చేరింది. చంద్రబాబు పొత్తు ఈ నెల 9న ఖాయమైంది. మాయావతి ఒంటరిగా పోటీ చేస్తానంటున్నారు. కాగితం మడత దగ్గర చిరిగింది, చేతులు మాత్రం ఇంకా పైకే ఉన్నాయి.

పూరణలు పంపండి. పార్టీని బట్టి కాదు, పద్యాన్ని బట్టి మాట్లాడుకుందాం.

పినాకిని

పాట్నలోనఁ బిలిచి పందిరి వేసిన
పెద్ద వదలి వెళ్ళె పెండ్లి విడిది
కట్టు లేని జట్టు గాలివానకుఁ గూలె
చేయి చేయి కలుప చేటు గలిగె

2023 జూన్ 23న పాట్నాలో ప్రతిపక్షాల కూటమి తొలి సమావేశానికి అందరినీ పిలిచినది నీతీశ్ కుమార్. ఈ జనవరి 28న ఆయనే ఎన్డీయేలోకి వెళ్ళి మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. పెళ్ళిపెద్దే విడిది వదిలి వెళ్ళినట్టు అనిపించింది.

నిర్వాహకుడు

పినాకిని గారూ, మొదటి రెండు పాదాలు కంఠస్థం చేయదగినవి. పందిరి, పెద్ద, విడిది ఒకే ఇంటి మాటలు కావడం వల్ల వ్యంగ్యం పద్యంలోంచే పుట్టింది. యతులు నిర్దుష్టం.

చిక్కు మూడో పాదంలో ఉంది. చేటు దేనివల్ల కలిగింది? మీ పద్యం ప్రకారం ఒకాయన చేయి విడిపించుకోవడం వల్ల. సమస్యేమో చేయి కలపడం వల్ల అంటోంది. పైన చెప్పిన కారణానికీ కింద ఉన్న కార్యానికీ ముడి పడలేదు. సమస్యాపూరణలో ఇదే ప్రాణం. ఛందస్సు కుదిరాక పని సగమే అయినట్టు. నేనైతే మూడో పాదం ఇలా మార్చేవాణ్ణి:

మనసు గలుపకుండ మాటకు మాత్రమే
చేయి చేయి కలుప చేటు గలిగె

అప్పుడు పెద్ద వెళ్ళిపోవడానికి కూడా కారణం దొరుకుతుంది.

పినాకిని

ఒప్పుకుంటున్నాను. ‘గాలివాన’ మీద మోజుతో వదల్లేకపోయాను. మీ సవరణ శిరోధార్యం.

అక్షరాభ్యాసి

గురువుగారూ, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇది నా మొదటి ఆటవెలది. తప్పులుంటే చెప్పండి.

సీట్ల పంపకమున చిక్కులే వచ్చెను
కూటమి నడిపేది ఎవ్వరంటు
పెద్ద పీట నాదె పేరు నాదే యని
చేయి చేయి కలుప చేటు గలిగె

నిర్వాహకుడు

మొదటి పద్యమా! గణాలు నాలుగు పాదాల్లోనూ సరిపోయాయి. చాలామంది ఏడాది తంటాలు పడితే గాని ఇక్కడికి రారు. ‘సీ’కి ‘చి’ యతి వేయడం చూసి చాలా సంతోషించాను. చ, జ, శ, ష, స ఒక వర్గంగా చెల్లుతాయని చదివి ఉంటారు.

రెండో పాదంలో యతి తప్పింది. ‘కూ’కు ‘ఎ’ చెల్లదు. అక్కడ కు, గు, కొ, గొ లాంటి అక్షరం రావాలి. ‘నడిపేది’, ‘ఎవ్వరంటు’ వాడుక మాటలు. పక్కన ‘యని’, ‘కలుప’ ఉండగా అవి వేరే ఇంటి పిల్లల్లా నిలబడ్డాయి. ఇలా చూడండి:

కూటమిఁ దమ చేతఁ గొనఁగ నెంచి

కూట, మిఁదమ, చేతఁ, గొనఁగ, నెంచి. ఐదు గణాలు, ‘కూ’కు ‘గొ’ యతి. ‘చేత’ అన్న మాట రావడంతో నాలుగో పాదంలోని చేతికి ముందే దారి పడింది. మీ మూడో పాదం అక్షరం కదపనక్కరలేదు. డిసెంబరు 19న ఢిల్లీ సమావేశంలో మమత ఖర్గే పేరు ప్రధాని అభ్యర్థిగా ప్రతిపాదించడం, ఈ నెల 10న బెంగాల్‌లోని 42 స్థానాలకూ సొంత అభ్యర్థులను ప్రకటించడం గుర్తుంటే ఆ పాదం ఎంత సూటిగా తగులుతుందో తెలుస్తుంది.

పాలపిట్ట

వంగమందు చెలిమి, వయనాట వైరమ్ము
పొత్తు ఢిల్లిలోన, పోరు బయట
ఓటు వేయువాని కూహకే యందదు
చేయి చేయి కలుప చేటు గలిగె

వామపక్షాలు, కాంగ్రెస్ బెంగాల్ శాసనసభ ఎన్నికల్లో 2016లోనూ 2021లోనూ కలిసి పోటీ చేశాయి. వయనాడులో ఇప్పుడు రాహుల్ గాంధీకి ఎదురుగా సీపీఐ ఆనీ రాజాను నిలబెట్టింది. చీపురు (ఆప్), చేయి (కాంగ్రెస్) ఢిల్లీలో నాలుగు, మూడుగా సీట్లు పంచుకున్నాయి, పంజాబులో మాత్రం తలపడుతున్నాయి.

కృష్ణాతీరం

పాలపిట్ట గారూ, ‘పొత్తు ఢిల్లిలోన, పోరు బయట’ అన్న పాదం సామెతగా నిలుస్తుంది. ‘వయనాడు’ను ‘వయనాట’గా మార్చిన ఔపవిభక్తికం కూడా ముచ్చటగా ఉంది. కానీ మూడో పాదంతో నాకు పేచీ ఉంది. కేరళ ఓటరుకు ఊహకందదు అనడం అన్యాయం. అక్కడ ఈ రెండు కూటములూ దశాబ్దాలుగా ఒకదాని తరువాత ఒకటి పాలించాయి. 2019లో 20 స్థానాల్లో 19 కాంగ్రెస్ కూటమికే ఇచ్చి, లోక్‌సభకు బీజేపీని ఒక్కచోట కూడా పంపలేదు. ఎవరు ఎవరితో ఎందుకు తలపడుతున్నారో వారికి స్పష్టంగా తెలుసు. అయోమయం దూరం నుంచి టీవీ చూసే మనది.

పాలపిట్ట

నిజమే, నేను టీవీ చూసే రాశాను. అయినా ఒక మాట. మా ఇంట్లో పనిచేసే ఆమె అడిగింది: ‘అమ్మగారూ, అక్కడ కొట్టుకునేవాళ్ళు ఇక్కడ కలిస్తే నేను ఎవరి మాట నమ్మాలి?’ పద్యం ఆ ప్రశ్నలోంచి వచ్చింది.

నిర్వాహకుడు

ఇద్దరి మాటా నిలుస్తుంది. అలాగైతే ‘ఓటు వేయువాని’ అన్నచోట ఏ ఓటరో తెలియాలి. ఆమె ప్రశ్ననే పద్యంలోకి తెస్తే ఇంతకంటే గొప్ప పూరణ అవుతుంది. మళ్ళీ ప్రయత్నించండి.

కృష్ణాతీరం

నాది పాత కథ. మా నాన్నగారు చెప్పగా విన్నది.

నాల్గు దిశలఁ గలిపె నటుఁడు రామారావు
కేంద్రమందుఁ జెలిమి గెలుపు తెచ్చె
రెండె సీట్లు మిగిలె రిత్తయై తన యిల్లు
చేయి చేయి కలుప చేటు గలిగె

1988లో ఏర్పడిన ప్రతిపక్షాల కూటమి నేషనల్ ఫ్రంటుకు ఎన్టీఆర్ అధ్యక్షుడు, వీపీ సింగ్ కన్వీనరు. 1989 డిసెంబరులో వీపీ సింగ్ ప్రధాని అయ్యారు. అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో తెలుగుదేశానికి దక్కినవి రెండు. శాసనసభా పోయింది. కల్వకుర్తిలో ఆయన స్వయంగా ఓడిపోయారు.

పినాకిని

‘నటుఁడు రామారావు’ అని ఎలా ఇరికించారండీ! ఆ పేరులో మూడు గురువులు వరుసగా వస్తాయి. నేను ఎప్పుడు రాసినా ‘రామరావు’ అని కుదించవలసి వచ్చేది.

కృష్ణాతీరం

‘నటుఁడు రా’ నగము, ‘మారావు’ తగణము, రెండూ ఇంద్రగణాలే. పేరును గణం మధ్యలో విరిస్తే దీర్ఘం పోకుండా నిలుస్తుంది. సూర్యగణాల్లో మాత్రం ఆ పేరు ఎక్కడా ఒదగదు.

నిర్వాహకుడు

చరిత్ర తెలిసి రాసిన పద్యం. ‘తన యిల్లు రిత్తయై’ అన్నచోట నాకు నోట మాట రాలేదు. ఊళ్ళో అందరికీ అన్నం పెట్టి, ఇంటికి వస్తే పొయ్యి ఆరిపోయి ఉన్న మనిషి కనిపించాడు.

కార్యకారణాల దగ్గర ఒక సందేహం ఉంది. 1989లో ఇక్కడి ఓటమికి కారణం ఢిల్లీలో చేతులు కలపడమేనా? రాష్ట్రంలో ఏడేళ్ళ రాజకీయం దాని వెనక ఉంది. అయితే తెలుగు ఓటరు ఢిల్లీ గాలికి ఎదురు నడవడం కొత్త కాదు. 1977లో ఉత్తరాదిన ఇందిరా గాంధీ పార్టీ కొట్టుకుపోయినప్పుడు మనవాళ్ళు 42లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చారు. జనతా పక్షాన నెగ్గినది నంద్యాలలో నీలం సంజీవరెడ్డి ఒక్కరే. అందుకని మీ పద్యంలో ఒక పెద్ద నిజం ఉంది: ఢిల్లీ వేదిక మీద కలిసిన చేతులు ఇక్కడి గడపల్లో ఓట్లు కావు.

మంజీర (శుక్రవారం, మార్చి 22)

నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. చేతులు కలిపేది నాయకులే కానక్కరలేదు కదా అనిపించి రాశాను.

పదవి వీడినంతఁ బట్టిరి రాంచిలో
ప్రజల గొంతు మూయఁ బన్ని రనుచు
పక్షమెల్లఁ గుంద బంధించు సంకెల
చేయి చేయి కలుప చేటు గలిగె

పినాకిని

సంకెల రెండు చేతులనూ కలుపుతుంది! సమస్యలోని విరోధం ఒక్క మాటతో విడిపోయింది. నమస్కారం.

కృష్ణాతీరం

అద్భుతం. చిన్న ప్రశ్న: జార్ఖండ్ ముఖ్యమంత్రిగా ఉండిన హేమంత్ సోరెన్‌కు సంకెళ్ళు వేయలేదు కదా? 1980లో ప్రేమ్‌శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు తగిన కారణం లేకుండా సంకెళ్ళు వేయరాదని చెప్పింది.

మంజీర

వేయలేదు. పద్యంలో సంకెల నిర్బంధానికి సంకేతం. ‘అనుచు’ అన్నది కూడా తెలిసే వాడాను. గొంతు మూయడానికి పన్నారన్నది ఆ పక్షం మాట. అవినీతి కేసు అన్నది దర్యాప్తు సంస్థ మాట. తేల్చవలసినది న్యాయస్థానం. నా పద్యం తీర్పు చెప్పదు.

నిర్వాహకుడు

అమ్మా మంజీరా, ఈ ‘అనుచు’ ఒక్కటి చాలు మీరు ఎంత బాధ్యతతో రాశారో తెలియడానికి. నిన్న రాత్రి ఢిల్లీలో అరెస్టయిన కేజ్రీవాల్ పదవిలోనే ఉన్నారు. సోరెన్ జనవరి 31న రాజీనామా చేశాక అరెస్టయ్యారు. కాబట్టి నిన్నటి వార్తకు మొదటి పాదం ఇలా మారుతుంది:

పదవి నుండఁగానె పట్టిరి ఢిల్లిలో

మిగిలిన మూడు పాదాలూ అలాగే సరిపోవడం చూసి నాకు గుండె బరువెక్కింది. ఒక పద్యం రెండు నెలల్లో ఇద్దరు ముఖ్యమంత్రులకు సరిపోకూడదు.

పాలపిట్ట

మంజీర గారి దారిలోనే ఇంకొంచెం నడిచాను. చేతులు కలిపితే నమస్కారం కూడా అవుతుంది. మా పనిమనిషి ప్రశ్నకు ఇది జవాబు కాదు గాని, ఆమె అనుభవం.

గడప గడప కేఁగి కంటనీ రొలికించి
నమ్మకముగఁ బలికి నాల్గు నాళ్ళు
పిదప మొగము చూపు పెద్దమనిషి లేఁడు
చేయి చేయి కలుప చేటు గలిగె

మంజీర

‘కంటనీ రొలికించి’ దగ్గర ఎవరెవరో కళ్ళ ముందు మెదిలారు. ఒకటే లోటు. చేటు ఎవరికి?

పాలపిట్ట

అవును, చతుర్థి లేదు. మూడో పాదం మారుస్తున్నాను:

ఓటు వేసినట్టి యూరివారల కెల్ల
చేయి చేయి కలుప చేటు గలిగె

నిర్వాహకుడు

ఇప్పుడు కుదిరింది. ‘ఓ’కు ‘యూ’ స్వరయతి (అచ్చుకు అచ్చు), కారణం నమస్కారం, కార్యం చేటు, అనుభవించినవారు ఊరివారు. అన్నీ ఉన్నాయి. ఈ పద్యం ప్రతిపక్షానికే కాదు, ఓటు అడిగే ప్రతివారికీ వర్తిస్తుంది. ఇచ్చిన విషయం దాటిందని కొందరు అనవచ్చు. నేను అనను. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే, దీని పక్కనే మంజీర గారిది.

నాదీ ఒకటి రాస్తున్నాను. సొరుగులోని ఆ కాగితం గురించే.

పటమునందు పైకిఁ బట్టిన చేతులు
వేదిక దిగఁగానె వీడె పట్టు
ఏమి చేయుదుమని యెవ్వరుఁ జెప్పక
చేయి చేయి కలుప చేటు గలిగె

మూడో పాదం కోసమే మిగిలినవి రాశాను. ప్రతిపక్షం బలంగా ఉండాలని గట్టిగా కోరుకునేవాణ్ణి నేను. అది లేని సభలో నా ఊరి కాలువ గురించి అడిగేవారు ఉండరు. 2004లో ఫలితాలు వచ్చాక అయినా ఒక కూటమి కూర్చుని కనీస ఉమ్మడి కార్యక్రమం రాసుకుంది. అందులోని ఉపాధి హామీ మరుసటి ఏడాదికి చట్టమైంది. మా ఊళ్ళో చెరువు పూడిక తీసిన ఆడవాళ్ళకు ఆ కూటమిలో ఎన్ని పార్టీలున్నాయో తెలియదు. కూలి ఎంతో తెలుసు. ఈసారి కూటమికి పేరు పెట్టి ఎనిమిది నెలలయింది. అలాంటి కాగితం ఒకటి ఓటుకు ముందే నా చేతికి రావాలి. మే 13కు ఇంకా సమయం ఉంది.

అక్షరాభ్యాసి

గురువుగారూ, రెండో పాదం మార్చి పద్యం మళ్ళీ రాసుకున్నాను. మా అమ్మకు చదివి వినిపించాను. వచ్చే వారం సమస్య ఇస్తారా?

నిర్వాహకుడు

ఇస్తాను. ఈసారి తేటగీతి:

ఓటు వేయనివానికే యోటు పడియె

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. ‘ఓ’కు ‘యో’ యతి. పోటీ చేసే చోటే ఓటు ఉండాలన్న నియమం లోక్‌సభ అభ్యర్థికి లేదని గుర్తుంచుకుంటే దారి దొరుకుతుంది. ఇంకా మంచి దారులు మీకే తోస్తాయి.