క్లౌన్ జంట కోసం ఇంట్లో ఎనిమోన్ తేవాలా, వద్దా?

నీలిగాజు, హైదరాబాద్:
అందరికీ నమస్కారం. మాది మూడడుగుల సాల్ట్ వాటర్ ట్యాంక్, దాదాపు 250 లీటర్లు. పెట్టి నాలుగు నెలలైంది. స్కిమ్మర్ (మురికిని నురగలా లాగేసేది), రెండు వేవ్‌మేకర్లు (నీళ్లలో ప్రవాహం పుట్టించే మోటార్లు) ఉన్నాయి. రెండు ఓసెల్లారిస్ క్లౌన్ చేపలు, అంటే తెల్ల చారలుండే చిన్న నారింజ చేపలు, హాయిగా తిరుగుతున్నాయి. సముద్రంలో ఇవి ఎనిమోన్‌లో, అంటే పువ్వులా కనిపించే కుట్టే జంతువులో, దాక్కుంటాయి కదా. మొన్న షాపు వాళ్లు కార్పెట్ అనే రకం ఎనిమోన్ వచ్చిందని ఫోన్ చేస్తే వెళ్లి చూశాను. మీగడలా తెల్లగా, చాలా అందంగా ఉంది. మా పాప రోజూ అదే మాట, "నాన్నా, చేపలకి ఇల్లు ఎప్పుడు తెస్తావ్?" అని. ఎనిమోన్ లేకుండా క్లౌన్లని పెంచితే వాటికి అన్యాయం చేసినట్టా? డబ్బు సంగతి పక్కన పెడితే, తెచ్చాక బతుకుతుందా లేదా అన్నదే నా టెన్షన్.

తీరం, విశాఖపట్నం:
దయచేసి తేవద్దు. తెల్లగా ఉందన్నారు చూడండి, అది చదవగానే మనసు కలుక్కుమంది. ఎనిమోన్ ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. వెలుతురులో అవి చేసుకునే ఆహారంలో పెద్ద వాటా ఎనిమోన్‌కే అందుతుంది. దాని గోధుమ రంగు కూడా వాటి వల్లే. పట్టేటప్పుడు నలిగి, చీకటి సంచుల్లో రోజుల తరబడి ప్రయాణం చేస్తే ఆ శైవలాలు పోతాయి. మీరు చూసింది పస్తులున్న జీవిని. అలా తెల్లబడ్డవాటికి పసుపు, గులాబీ రంగులు ఎక్కించి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు.

ఇక అన్యాయం సంగతి. సముద్రంలో క్లౌన్‌కి ఎనిమోన్ ఎందుకంటే, అది లేకపోతే పెద్ద చేపలు మింగేస్తాయి. మీ ట్యాంక్‌లో మింగేవాళ్లెవరూ లేరు కదా. పైగా ఓసెల్లారిస్ క్లౌన్లని ఇప్పుడు హేచరీల్లో పెంచుతున్నారు, మన సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు కూడా ఆ పద్ధతి అభివృద్ధి చేశారు. అలా పుట్టిన చేప ఎనిమోన్ మొహం చూడకుండానే గుడ్లు పెడుతుంది.

నా వరకు ఏ ఎనిమోనూ ఇంట్లో ఉండాల్సింది కాదు. ఆటు సమయంలో మా ఊరి రాళ్ల గుంటల్లో వాటిని చూస్తూ పెరిగాను. నీళ్లు వెనక్కి పోతే ముద్దలా ముడుచుకుంటాయి, మళ్లీ అల తగలగానే విచ్చుకుంటాయి. గాజు పెట్టెలో వాటిని ఊహించుకోలేను.

ఉప్పునీళ్లు, బెంగళూరు:
తీరం గారూ, ఆ తెల్ల కార్పెట్ విషయంలో మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఏ ఎనిమోనూ వద్దంటే మాత్రం ఒప్పుకోను. నా దగ్గర బబుల్ టిప్ అనే రకం ఎనిమోన్ ఏడేళ్లుగా ఉంది. అది కూడా సముద్రం నుంచి రాలేదు, ఒక మిత్రుడి ట్యాంక్‌లో రెండుగా చీలిన ముక్క. బబుల్ టిప్‌లో ఉన్న గొప్ప గుణమిదే. నోటి దగ్గర సాగి సాగి నిలువునా రెండవుతుంది, కొన్ని రోజులకి రెండూ పూర్తి ఎనిమోన్లే. నాది ఇప్పటికి ఐదుసార్లు చీలింది, పిల్లలన్నీ వేరే ఇళ్లకి వెళ్లాయి. దీనివల్ల సముద్రానికి జరిగిన నష్టమేంటో చెప్పండి.

అయితే నీలిగాజు గారూ, ఒక పాత బాధ మీకు చెప్పాలి. మొదటి బబుల్ టిప్‌ని నా చేతులారా పోగొట్టుకున్నాను. అప్పటికి ట్యాంక్ వయసు మూడు నెలలు. ఎనిమోన్‌కి నచ్చకపోతే పాదంతో నెమ్మదిగా నడిచి చోటు మారుతుంది. ఒక రాత్రి చాలాసేపు కరెంటు పోయింది. ప్రవాహం ఆగిపోయేసరికి అది నడుచుకుంటూ వెళ్లి వేవ్‌మేకర్ జాలీకి అతుక్కుంది. తెల్లవారుజామున కరెంటు రాగానే మోటారు తిరిగింది. లేచేసరికి నీళ్లన్నీ తెల్లగా చిక్కగా ఉన్నాయి. సాయంత్రానికి నాలుగు చేపలు పోయాయి. ఎనిమోన్ ముక్కలైతే దాని కుట్టే కణాలు, కుళ్లు కలిసి ట్యాంక్ మొత్తాన్ని చంపగలవు. అప్పటినుంచి వేవ్‌మేకర్లకి స్పాంజ్ తొడుగు లేకుండా నేను ఎనిమోన్ పెట్టను, ఎవరినీ పెట్టనివ్వను.

అలలరేడు, చెన్నై:
ఎనిమోన్ తేవాలంటే ట్యాంక్‌కి ఏడాది నిండాలి అంటారు అందరూ. నెలలు లెక్కపెట్టడం వల్ల ఒరిగేదేం లేదు, నీళ్లు నిలకడగా ఉండాలి, అంతే. నా దగ్గర రిటెరీ అనే రకం ఎనిమోన్ ఉంది, సముద్రంలో పట్టిందే. మూడేళ్లుగా తింటోంది, పెరుగుతోంది. మంచి లైటు, బలమైన ప్రవాహం ఇస్తే ఏదైనా బతుకుతుంది. ఎడింబరోలో 'ముసలమ్మ' అని పేరుపడ్డ ఎనిమోన్ సంగతి వినలేదా? స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త సర్ జాన్ డేలియెల్ 1828లో సముద్రపు ఒడ్డున తెచ్చిన ఎనిమోన్ 1887 దాకా గాజు జాడీలో బతికింది. అప్పుడు కరెంటే లేదు. ఇంకో మాట, ట్రాలర్లు వలలేసి అడుగంతా గీకేస్తుంటే మనం ఒక్కో ఎనిమోన్ తెచ్చుకోవడం పెద్ద నేరమా?

తీరం, విశాఖపట్నం:
ఆ ముసలమ్మ కథ నాకూ ఇష్టమే, కానీ పోలిక కుదరదు. అది చల్లటి తీరపు ఎరుపు ఎనిమోన్. దానికి శైవలాలూ అక్కర్లేదు, లైటూ అక్కర్లేదు. పక్కనే సముద్రం, ఎప్పటికప్పుడు కొత్త నీళ్లు. మన క్లౌన్లకి ఆశ్రయమిచ్చే ఎనిమోన్లు వెచ్చటి పగడపు దిబ్బలవి. ఆ కథలో నాకు కనిపించేది వేరు. ఒక ఎనిమోన్ 59 ఏళ్లు జాడీలో బతకగలిగితే, మూడు నెలల్లో మన చేతిలో పోయినదానికి ఎంత ఆయుష్షు కాజేసినట్టు?

ట్రాలర్ల నష్టం నిజమే. అది చూపించి మన వాటా మాఫీ చేసుకోలేం కదండీ. ఫిలిప్పీన్స్‌లో సెబూ దగ్గర అక్వేరియం వ్యాపారం కోసం పట్టే చోట్లని, పట్టని చోట్లని పోల్చిన పరిశోధన 2005లో వచ్చింది. పట్టే చోట్ల ఎనిమోన్లూ క్లౌన్లూ రెండూ బాగా తక్కువ. ఒక ఎనిమోన్‌లో ఒక పెద్ద ఆడ, దాని మగ, కొన్ని చిన్నవి కలిసి ఉంటాయి. ఆ ఒక్కటి పెకిలిస్తే కుటుంబమంతా వీధిన పడుతుంది. చేపకైతే హేచరీ ఉంది, ఎనిమోన్ పోతే ఆ చోటు మళ్లీ నిండడానికి చాలా కాలం పడుతుంది.

ఉప్పునీళ్లు గారూ, మీ బబుల్ టిప్ ముక్కల మీద నాకు కోపం లేదు. నేను పెట్టుకోను, అంతే. ఎవరైనా తెస్తామంటే అవి తప్ప ఇంకేవీ వద్దని చెబుతాను. లైవ్ రాక్ (ట్యాంక్‌లో పెట్టే, జీవులున్న సముద్రపు రాయి) కొనేటప్పుడు కూడా చూసుకోండి, దిబ్బలు కట్టే పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే షెడ్యూల్ 1లో ఉన్నాయి.

ఉప్పునీళ్లు, బెంగళూరు:
అలలరేడు, నీ రిటెరీ బతికినందుకు సంతోషం తమ్ముడూ. కానీ నీకు చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) ఉంది, పదేళ్ల చెయ్యి తిరిగిన అనుభవం ఉంది. నాలుగు నెలల ట్యాంక్ ఉన్నాయనకి "ఏదైనా బతుకుతుంది" అని చెప్పకు. నిలకడ ముఖ్యమన్నావు, సరే. ఆ నిలకడ రావడానికే చాలామందికి ఏడాది పడుతుంది.

హైదరాబాద్ ఎండాకాలం సంగతే తీసుకోండి. చిల్లర్ లేకపోతే నీళ్లు 31 డిగ్రీలు దాటతాయి, ఎనిమోన్‌కి 25 నుంచి 27 కావాలి. ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది కానీ లీటర్ల కొద్దీ నీరు ఆవిరైపోతుంది. ఉప్పు మాత్రం ట్యాంక్‌లోనే ఉంటుంది. ఉప్పునీళ్ల సాంద్రత (మంచినీళ్లతో పోలిస్తే ఎంత బరువో చెప్పే కొలత) 1.025 ఉన్నది కొన్ని రోజులు చూడకపోతే 1.028కి చేరొచ్చు. చేపలు తట్టుకుంటాయి, ఎనిమోన్ తట్టుకోదు. తగ్గినంతా ఆర్ఓ నీళ్లతో రోజూ నింపాలి, ఉప్పు కలిపిన నీళ్లతో కాదు. బోరు నీళ్లయితే అసలే వద్దు. ఈ ఒక్క పని ఒక వేసవంతా తప్పకుండా చేయగలిగితే, వచ్చే ఏడు మీకు ముక్క నేనే ఇస్తాను. మేత పెద్ద పనేం కాదు, వారానికోసారి శనగగింజంత రొయ్య ముక్క చాలు.

నీలిగాజు, హైదరాబాద్:
నిన్న మళ్లీ షాపుకి వెళ్లి, కొనడానికి కాదు, దగ్గరగా చూశాను. నోరు తెరుచుకుని ఉంది. పాదం ఒక పక్క చిరిగింది. గాజుకి కూడా అతుక్కోలేకపోతోంది. చాలా బాధేసింది. కొనలేదు, ఇంకోటి తెప్పించవద్దని కూడా చెప్పి వచ్చాను. వేసవి అయ్యేదాకా ఆగుతాను. రోజూ ఉప్పు కొలిచి నోట్‌బుక్‌లో రాసే పని పాపకి ఇచ్చాను.

తీరం, విశాఖపట్నం:
సంతోషం అండీ. ఈలోగా పాపకి ఇల్లు కావాలంటే చిన్న మట్టి పూలకుండీ ఒకటి తీసుకోండి. రంగు వేయనిది. ఆర్ఓ నీళ్లలో రెండు రోజులు నానబెట్టి, పక్కకి పడుకోబెట్టండి. హేచరీల్లో క్లౌన్లు అలాంటి కుండీల మీద కూడా గుడ్లు పెడతాయి.

నీలిగాజు, హైదరాబాద్:
కుండీ పెట్టాను. మూడు రోజులు రెండూ దూరంగానే తిరిగాయి. ఈ ఉదయం లైటు వేసేసరికి పెద్దది లోపలుంది, చిన్నది అంచు దగ్గర కాపలా. పాప స్కూలుకి వెళ్లేముందు పది నిమిషాలు అక్కడే నిలబడింది. ఈరోజు ఉప్పు 1.025.